ముందుకు జరిపిన సీటు

ఆ షెడ్డుకి కారు కొనడానికి వచ్చిన మనిషి రెండోసారి రాలేదు. ఒకరూ ఇద్దరూ కాదు, వచ్చినవాళ్ళందరిదీ అదే వరస. కారుని చూడగానే కళ్ళు పెద్దవి చేసుకునేవాళ్ళు. రెండే సీట్లున్న పాతకాలపు స్పోర్ట్స్ కారు అది, ముదురాకుపచ్చ రంగు, పైకప్పు తీసేస్తే ఆకాశమంతా మనదే. ఎక్కి కూర్చుని తమలో తాము నవ్వుకునేవాళ్ళు. వీధి మలుపు తిరిగేలోగా ఇంజన్ దగ్గడం మొదలుపెట్టేది. పెద్ద రోడ్డు ఎక్కకముందే ఆగిపోయేది. అక్కణ్ణుంచి తోసుకుంటూ వెనక్కి రావడం, చెమట తుడుచుకుంటూ "ఆలోచించుకుని చెప్తానండీ" అనడం, అంతే సంగతులు.

నిజానికి ఆ కారుకి ఏ జబ్బూ లేదు. తుక్కు ఇనుములోంచి దాన్ని లేపి నిలబెట్టినవాడే, కొనేవాళ్ళు వచ్చే ముందు బోనెట్ ఎత్తి, కార్బురేటర్ పక్కనున్న చిన్న ఇత్తడి స్క్రూని కాస్త బిగించేవాడు. పెట్రోలు సరిగ్గా అందక ఇంజన్ మిస్సింగ్ కొట్టేది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక స్క్రూ మళ్ళీ వదులు చేసేవాడు. తన చేత్తో బాగుచేసినదాన్ని తన చేత్తోనే చెడగొట్టుకునే మెకానిక్కు ఎక్కడైనా ఉంటాడా అంటే, ఇదిగో, ఉన్నాడు. ఇంట్లో అతన్ని చిన్నోడు అంటారు. ముప్పై దాటినా ఆ పేరు పోలేదు, ఎందుకంటే ఇంట్లో పెద్దోడు ఒకడున్నాడు.

ఆ కారు పెద్దోడి కల. రేకులు తుప్పు పట్టి, కిటికీలోంచి పిచ్చిమొక్కలు తలలు బయటపెట్టిన స్థితిలో దాన్ని చూసి, "ఇది లేస్తుందిరా" అన్నది అతనే. రంగు ఎంచింది అతనే. సీటుని తన పొడుగాటి కాళ్ళకి కొలిచి, ముందుకీ వెనక్కీ జరగకుండా నేలకి బోల్టులు బిగించుకున్నదీ అతనే. పని సగంలో ఉండగా అతని చూపు పక్కలనుంచి మూసుకురావడం మొదలైంది. కంటి నరాలు ఎండిపోతున్నాయన్నాడు డాక్టరు. ఇప్పుడతనికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు.

ఇక చూపు రాదని డాక్టరు చెప్పినప్పుడు చిన్నోడు ఆ గదిలోనే ఉన్నాడు. విన్నాడు గానీ ఆ మాటని లోపలికి రానివ్వలేదు. షెడ్డులో ఒంటరిగా మిగతా పని పూర్తిచేశాడు. తీరా పూర్తయ్యాక, "ఇక అమ్మేద్దాంరా" అన్నాడు అన్న. సరేనన్నాడు. కానీ కారు అమ్మితే అన్న ఇక బండి నడపడని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. అందుకని నోటితో సరేనన్నా, చెయ్యి మాత్రం స్క్రూ దగ్గరికి పోయేది.

ఆమె వచ్చిన రోజు ముసురు పట్టి ఉంది.

"కారు అమ్మకానికుందని బోర్డు చూశాను," అంది గొడుగు ముడుస్తూ.

"ఎవరి కోసమండీ?"

"నాకే. ఏం, నా ముఖానికి నప్పదా?"

చిన్నోడు తడబడ్డాడు. "అదికాదండీ. ఇది పాత బండి, అందరికీ లొంగదు. మామూలుగా మీరేం నడుపుతుంటారు?"

"బస్సు."

జోక్ అనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. గొడుగు గోడకి ఆనించి, భుజాన ఉన్న సంచీలోంచి ఖాకీ చొక్కా మడత సగం లాగి చూపించి, మళ్ళీ లోపలికి తోసింది. చిన్నోడి నవ్వు ఎటు పోవాలో తెలియక ముఖం మీదే ఉండిపోయింది.

"అంత పెద్ద బస్సు నడిపేవాళ్ళకి ఇంత చిన్నది దేనికండీ?"

"రోజంతా నా వీపు వెనక జనమే. ఒకాయన ఫ్యాను తిరగట్లేదంటాడు, ఒకావిడ స్టాపు దాటించేశావంటుంది, ఇంకొకరు ఊరికే దగ్గుతారు. సెలవు రోజైనా వీపు వెనక ఎవరూ లేకుండా నడపాలని ఉంది. వెనక సీటే లేని బండి కదా ఇది!"

ఎక్కి కూర్చుంది. పాదాలు పెడల్స్‌కి అందలేదు.

"సీటు ముందుకు రాదా?"

"రాదండీ."

"ఎవరి కాళ్ళకి కొలిచారు? ఒంటెకా?"

చిన్నోడు లోపలికి వెళ్ళి ఒక దిండు తెచ్చి ఆమె వీపు వెనక పెట్టాడు, ఆయిల్ చూస్తానంటూ ఒకసారి బోనెట్ ఎత్తి దించాడు. మలుపు తిరిగారు. అలవాటు ప్రకారం ఇంజన్ దగ్గింది, ఆగింది. అదే సమయానికి ముసురు కాస్తా వానగా మారింది.

"దీనికి పైకప్పు లేదా?" జుట్టు మీంచి కారుతున్న నీళ్ళని పక్కకి తోసుకుంటూ అడిగింది.

"ఉంది. షెడ్డులో ఉంది."

"మంచిది. అదైనా తడవదు."

మీరు కూర్చోండి, నేను తోస్తానని ఎంత చెప్పినా వినలేదు. దిగి తనూ భుజం పట్టింది. ఇద్దరూ నిలువునా తడిసి షెడ్డు చేరారు. వదిన షెడ్డు పైనున్న ఇంట్లోంచి తువ్వాళ్ళు తెచ్చి, టీ పెట్టి ఇచ్చింది. మేడమీద కిటికీ దగ్గర కూర్చున్న అన్న ఆ వైపే ముఖం తిప్పి వింటున్నాడు.

"ఆలోచించుకుని చెప్తానంటారు కదా?" అన్నాడు చిన్నోడు. ఆ మాట వినడానికి ముందే సిద్ధమైపోయాడు.

"ఆలోచించేదేముంది? వచ్చే సెలవు రోజు వస్తాను. ఈలోగా బాగుచెయ్యండి."

"ఆగిపోయిన బండి కోసం మళ్ళీ ఎందుకండీ శ్రమ?"

"ఆగిపోయిన బండిని వదిలేసి వెళ్ళడం మా డిపోలో నేర్పలేదు," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వీధి చివర మలుపు తిరిగేదాకా చిన్నోడు తడి తువ్వాలు మెడలో వేసుకుని అక్కడే నిలబడ్డాడు.

చెప్పినట్టే వచ్చింది. బండి మళ్ళీ ఆగింది. ఆ తర్వాతి సెలవుకీ వచ్చింది, అప్పుడూ ఆగింది. ప్రతిసారీ తోసుకుంటూ రావడం, దారిలో మాటలు, షెడ్డు చేరాక వదిన ఇచ్చే టీ. తోసేటప్పుడు ఆమె డిపో కబుర్లు చెప్పేది. చిల్లర కోసం పోట్లాడుకునే పెద్దమనుషుల గురించి, ఆఖరి స్టాపు వచ్చినా లేవకుండా నిద్రపోయేవాళ్ళ గురించి చెప్తుంటే, చిన్నోడు నవ్వాపుకోలేక బండి వదిలేసేవాడు.

"మీరు నవ్వితే బరువంతా నా మీద పడుతోందండోయ్!" అని కసిరేది.

ఆమె వచ్చే రోజున చిన్నోడు పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. వదిన గమనించింది.

"ఏం మరిదీ, కార్బురేటర్‌కి అద్దంలా పనికిరావాలనా ఆ నునుపు?"

"నీకు వేరే పని లేదా వదినా!"

నవ్వేశాడు గానీ లోపల గిలి పట్టుకుంది. ఇప్పుడు స్క్రూ బిగించేటప్పుడు చేతికి రెండు కారణాలు. కారు అమ్మితే అన్నకి ఇక చూపు రాదని ఒప్పుకున్నట్టు. కారు బాగైతే ఆమె కొనుక్కుని వెళ్ళిపోతుంది. ఏది పెద్ద భయమో అతనికే తెలియలేదు.

ఒక సెలవు రోజు, సాయంత్రం రావలసిన ఆమె పొద్దున్నే వచ్చేసింది. వీధిలో ఉండగానే ఇంజన్ చప్పుడు వినిపించింది. దగ్గు లేదు, తడబాటు లేదు, నిండుగా ఒక్క స్వరంతో పలుకుతోంది. గేటు దగ్గరే ఆగింది. చిన్నోడు ఇంజన్ ఆపాడు, బోనెట్ ఎత్తాడు, స్క్రూడ్రైవర్ తీసుకుని వంగాడు. నడుం ఎత్తేసరికి ఎదురుగా ఆమె ఉంది.

"ఇప్పుడేం చేశారు?"

అతను స్క్రూడ్రైవర్‌ని వీపు వెనక్కి దాచాడు.

"బిగించారు. చూశాను. ఇన్నాళ్ళూ ఇదేనా?"

"అవును."

"నేను వానలో తోస్తుంటే లోపల నవ్వుకున్నారా?"

"ఒట్టు, లేదండీ!"

"మరి దేనికి? నాకు అమ్మడం ఇష్టం లేకపోతే ఆ ముక్క ముఖం మీద చెప్పచ్చుగా!"

"ఎవరికీ అమ్మడం ఇష్టం లేదు. ఇది మా అన్నది. అన్నే నడపాలి. ప్రస్తుతానికి చూపు సరిగ్గా లేదు గానీ..."

"ప్రస్తుతానికా?" ఆమె గొంతు తగ్గింది. "డాక్టరు ఏమన్నాడో టీ ఇస్తూ అక్క నాకు చెప్పింది."

"వదినకేం తెలుసు!"

ఆ మాట అనగానే తనకే సిగ్గేసింది.

"ఆమెకి తెలియదా? రోజూ ఆయన కంచంలో ఏది ఎటుందో చెప్పి తినిపించే మనిషికి తెలియదా?" అంది నెమ్మదిగా. "నాకు అబద్ధం చెప్పారు, పోనీ, నేను పరాయిదాన్ని. ఆయనకి కూడా రోజూ అబద్ధమే చెప్తున్నారు. నేనేమో ఏదో అనుకుని సెలవు రోజులన్నీ ఇక్కడికి... వద్దు లెండి. నాకీ కారూ వద్దు, మీ..."

మాట మధ్యలో ఆపేసి గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆ మాట ఎటు పోతోందో చిన్నోడికి అర్థమైంది. వెనకే వెళ్ళబోయి, స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉందని చూసుకుని గేటు దగ్గరే ఆగిపోయాడు.

పైనుంచి చప్పుడైంది. ఇనుప మెట్ల మీద అన్న ఒక్కడే దిగుతున్నాడు. కారు పూర్తయిన దగ్గర్నుంచి అతను షెడ్డులో అడుగు పెట్టలేదు. చిన్నోడు చేతిలో ఉన్నది పారేసి పరుగెత్తాడు.

"ఆగు. నేనే దిగుతాను." కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టునీ పాదంతో తడుముకుంటూ దిగి, చెయ్యి చాచి కారు తలుపు మీద వేశాడు. కాసేపు అలాగే నిమిరాడు. "బాగా నున్నగా తీశావురా."

చిన్నోడు ఎత్తి ఉన్న బోనెట్‌ని మెల్లగా దించాడు.

"పొద్దున నువ్వొక్కడివే స్టార్ట్ చేసినప్పుడు వింటాను. ఎంత చక్కగా పలుకుతుందో! ఎవరైనా కొనడానికి వచ్చారంటే చాలు, దగ్గు పట్టుకుంటుంది. నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదురా."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావన్నా?"

"నువ్వు మెట్లెక్కి వచ్చినప్పుడల్లా, 'ఈరోజు కొంచెం తేడాగా ఉందా?' అని అడుగుతావు. కొంచెం నయమేరా అంటాను. ఏం నయం లేదు. అది చెప్తే నీ ముఖం ఎలా అయిపోతుందో నాకు కనిపించదు గానీ తెలుసు. చెప్పడానికి నాకూ ధైర్యం చాల్లేదు."

చిన్నోడు కారు బోనెట్‌కి ఆనుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చాడు. పెద్దగానే ఏడ్చాడు, మెట్ల మీద వదిన ఉందని చూసుకోలేదు. అన్న చేత్తో తడుముకుని అతని తల మీద చెయ్యి వేశాడు.

"నా కోసమని దీన్ని ఇక్కడ కట్టేశావు. నేను పైన గదిలో కూర్చున్నాను, ఇది కింద కూర్చుంది. ఒకరైనా బయట తిరగాలి కదరా!"

కాసేపటికి అన్నే మళ్ళీ అన్నాడు. "ఆ అమ్మాయి ఎత్తెంత?"

"నా భుజం దాకా ఉంటుంది."

"సరిగ్గా భుజం దాకానా? అంత దగ్గర్నుంచి ఎప్పుడు కొలిచావు?"

మెట్ల మీద వదిన కిసుక్కున నవ్వి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"స్పానర్ ఇవ్వు," అన్నాడు అన్న.

తను బిగించిన బోల్టుల్ని తనే వేళ్ళతో వెతికి పట్టుకుని ఒక్కొక్కటీ వదులు చేశాడు. సీటుని ఇద్దరూ కలిసి బెత్తెడు ముందుకు జరిపారు. కొత్త చోట రంధ్రాలు వెయ్యాలి. డ్రిల్ పట్టుకున్నాడు గానీ చిన్నోడి చెయ్యి కదల్లేదు. రంధ్రం పడిందంటే అన్న కాళ్ళు ఇక ఇందులో పట్టవు. అన్న పక్కనుంచి సీటుని గట్టిగా అదిమి పట్టుకుని, "ఊఁ, కానీ," అన్నాడు. చిన్నోడు కళ్ళు తుడుచుకుని డ్రిల్ ఆన్ చేశాడు.

మర్నాడు బస్ స్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సులోనూ డ్రైవరు ముఖం చూస్తూ చాలా బస్సులు వదిలేశాడు. చివరికి ఆమె బస్సు వచ్చింది. ఎక్కి టికెట్టు తీసుకుని, తిన్నగా ముందుకి వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అద్దంలో ఆమె చూసింది. చూడనట్టు ముఖం తిప్పుకుంది.

"ఏవండీ..." అన్నాడు.

ఆమె మాట్లాడకుండా వేలు పైకెత్తి చూపించింది. బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదని అక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చిన్నోడు నోరు మూసుకున్నాడు.

"ఏం నాయనా, అన్ని సీట్లు ఖాళీగా ఉంటే నించుంటావేం?" అంది ఒక ముసలావిడ.

"పర్లేదు మామ్మా."

"కాళ్ళ నొప్పులు మాకు గానీ నీకేంలే," అని ఆవిడ తన మానాన తను పళ్ళసంచీ సర్దుకుంది.

ఆఖరి స్టాపు దాకా అలాగే నిలబడ్డాడు. జనం దిగిపోయారు. కండక్టరు టీ తాగడానికి వెళ్ళాడు. ఆమె ఇంజన్ ఆపింది గానీ వెనక్కి తిరగలేదు.

"ఇప్పుడు చెప్పండి."

దారంతా చాలా మాటలు పేర్చుకున్నాడు. ఒక్కటీ గుర్తు రాలేదు.

"మా అన్నకి చూపు రాదు," అన్నాడు. కమ్మీని రెండు చేతులా పట్టుకుని మళ్ళీ అన్నాడు. "ఇంక రాదు. ఆయన ఇక బండి నడపలేడు. కారు అమ్ముతున్నాను. సీటు ముందుకు జరిపాం, మీకు సరిపోతుంది."

ఆమె ఇటు తిరిగింది. అతని కళ్ళు చూసి, పక్కనున్న నీళ్ళ సీసా అందించింది.

"ఈ మాట అనడం ఇదే మొదటిసారా?"

తలూపాడు.

ఆమె లేచి వచ్చి ముందు వరసలో కూర్చుంది, ఎదురు సీటు చూపించింది. "నేను కూడా ఒకటి చెప్పాలి," అంది. "రెండోసారికే నాకు అనుమానం వచ్చింది. నిజంగా లోపం ఉంటే ఇంజన్ రోజుకో రకంగా విసిగిస్తుంది. ఇది ప్రతిసారీ అదే చోట, అదే రకంగా దగ్గుతోంది."

"మరి తెలిసీ ఎందుకొచ్చారు?"

"నేను మళ్ళీ రావాలని మీరే చేస్తున్నారనుకున్నాను." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నాకూ రావాలనే ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఆరోజు కారణం అది కాదని తెలిసేసరికి ఒళ్ళు మండిపోయింది. వెర్రిదాన్నయ్యాననిపించింది."

"మొదటిసారి మా అన్న కోసమే," అన్నాడు చిన్నోడు. "రెండోసారి నుంచి... అది కూడా ఉందండీ."

"ఏది కూడా?"

కండక్టరు తిరిగొచ్చి విజిల్ వేశాడు. ఆమె చటుక్కున లేచి డ్రైవరు సీటులోకి వెళ్ళిపోయింది. అద్దంలో చూస్తే పెదాలు బిగబట్టుకుని ఉంది. కోపం కాదు, నవ్వు ఆపుకుంటోంది.

సెలవు రోజున వచ్చింది. కారు వీధిలోకి ముఖం పెట్టి, పైకప్పు తీసి సిద్ధంగా ఉంది. కూర్చుంది, పాదాలు సరిగ్గా అందాయి. చిన్నోడు తాళం చెవి అందించాడు. ఆమె అందుకుంది గానీ ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు. మెట్ల దగ్గర వదిన భుజం పట్టుకుని నిలబడ్డ అన్న వైపు చూసింది.

"అన్నయ్యగారూ, ముందు మీరు ఎక్కండి."

అన్న కదల్లేదు. "నేనెందుకమ్మా? నాకేం కనిపిస్తుంది?"

"గాలి తగుల్తుందిగా. రండి."

చిన్నోడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. అన్న రెండు చేతులతో తలుపు అంచు పట్టుకున్నాడు. కారు కదిలింది, మలుపు తిరిగింది, పెద్ద రోడ్డెక్కింది. ఎక్కడా తడబడలేదు. ఆ చప్పుడు చిన్నదైపోయి, ఇక వినపడకుండా పోయేదాకా వదినా మరిదీ గేటు దగ్గర ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. వదిన ఏడుస్తోంది. చిన్నోడు ఏడవలేదు. ఏడుపంతా ఆరోజే అయిపోయింది, ఇప్పుడు గుండె బరువుగా ఉందంతే.

చాలాసేపటికి తిరిగొచ్చారు. అన్న జుట్టంతా రేగిపోయి ఉంది. ముఖం చూస్తే ఏడ్చాడో నవ్వాడో చెప్పడం కష్టం, బహుశా రెండూ.

"మూడో గేరుకి కొంచెం తొందరపడుతోందిరా ఈ అమ్మాయి. బస్సు అలవాటు," అంటూ తలుపు తడుముకుని దిగాడు. తమ్ముడి భుజం దొరకబుచ్చుకుని, గొంతు తగ్గించాననుకుని అందరికీ వినిపించేలాగే అన్నాడు. "దారిలో నేను అడిగేశాను, మా తమ్ముణ్ణి చేసుకుంటావా అమ్మా అని. అది మీరు కాదు, ఆయన అడగాలి అంది. నాకు నచ్చింది. ఇంజన్ ఆపలేదు, పెట్రోలు దండగ, వెళ్ళి అడుగు."

చిన్నోడు వదిన వైపు చూశాడు. వెళ్ళమన్నట్టు ఆమె చెయ్యి విదిలించింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు.

ఆమె అరచేత్తో కళ్ళు ఒత్తుకుంది.

"మా అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది," అంది చివరికి. "ముందు కోప్పడుతుంది, తర్వాత టీ ఇస్తుంది. కంగారు పడకండి."

గేరు వేసింది. కారు కదిలాక చిన్నోడు వెనక్కి తిరిగి చూశాడు. గేటు ముందు అన్న చెయ్యి ఊపుతున్నాడు, కారు ఉన్న వైపు కాదు, కొంచెం పక్కకి. అన్నకి కనిపించదని తెలిసీ, చిన్నోడు కూడా చెయ్యెత్తి ఊపాడు.